పద్నాలుగో రాయి

కొర్లగుంట దగ్గర రోడ్డు దాటేదానికి
కాలివంతెన కట్టినాం. నలభై నాలుగు మెట్లు.
ఎక్కే నాథుడు లేడు.
చంకన బిడ్డ, నెత్తిన మూట,
కొత్త గుండు మీద ఆరని చందనం,
అందరూ డివైడరు దూకేవాళ్లే.

బెంగళూరు నుంచి సలహాదారు వచ్చినాడు.
"జనానికి చెప్తే వినరు సార్, ఆడిస్తే వింటారు."
మెట్టుకో స్వరమంట. తొక్కితే పలుకుతుందంట.
పైకెక్కి ఫోను చూపిస్తే పది పాయింట్లు,
వందయితే ఒక కాఫీ.
ఎస్టిమేటు రాసింది నేనే.
షెడ్యూలులో ఆటకి రేటు లేదు,
"ఇతరములు" కింద వేసినాను.

మొదటి వారం బాగానే పలికింది.
ఇస్కూలు పిల్లోళ్లు సరిగమలు తొక్కి తొక్కి
ఎదురు మేడలో కన్నెమ్మకు కునుకు లేకుండా చేసినారు.
రెండో వారం
పలమనేరు తట్టు నుంచి ఒకామె వచ్చింది.
మోకాళ్లకు ఇంకా పసుపు అంటుకునే ఉంది.
"మూడువేల ఐదొందల యాభై ఎక్కి దిగొస్తాండా నాయనా,
దీనికి నాకు మార్కులేస్తావా?"
నవ్వి, సంచిలో మిగిలిన కుంకుమ తీసి
నలభై నాలుగింటికీ బొట్లు పెట్టుకుంటా పోయింది.
మెట్టు కనబడితే చెయ్యి ఊరుకోదు గదా.
ఆమె వెనక ఇంకొకామె, కర్పూరంతో.

మూడో వారానికి గాంధారం ప్రాణం పోయింది.
నిషాదం ఒక్కటే
ఎవరూ తొక్కకపోయినా
రాత్రంతా మూలిగేది.

వంతెన కింద బస్సు కోసం నిలబడే చోటుంది.
అక్కడ పరిచేదానికి
రోడ్డు వెడల్పులో విప్పేసిన సత్రం అరుగు రాళ్లు
గోడౌను నుంచి తోలించినాం.
ఒక్కోదానికి సున్నంతో నంబరు.
పద్నాలుగు మీద గీతలు.
పుస్తకంలో రాసుకున్నాను:
గీరుకుపోయినది, తిరగేసి పరచవలెను.

చెంగల్రాయుడు తిరగెయ్యలేదు.
నీళ్లు చల్లి, గోనెపట్టతో రుద్ది,
గీత వెంబడి వేలు నడిపించినాడు.
"గీరుకోలేదు సామీ. గీసుకున్నారు.
ఇదో శిఖరం. ఇవి అడ్డగీతలు. ఇరవై మూడు ఇండ్లు.
మూడు పులులు, పదహైదు మేకలు."

వంకర గీతలు.
శిల్పి చెయ్యి కాదు.
ఎవడో కూలోడు, మధ్యాన్నం సంగటి తిన్నాక,
మేస్త్రి గురక పెడుతుండంగా
ఉలి తిప్పుకున్నాడు.
నాలుగు తరాల అరచేతులు
వాడి తప్పుల్ని నున్నగా అరగదీసినాయి.

రాయిని దిమ్మె మీదికెత్తి
అటొకరు ఇటొకరు కూర్చునేంత జాగా వదిలినాడు.
డ్రాయింగులో అది లేదు.
చూడనట్టే కొలతలు తీసుకున్నాను.

నిన్న సాయంత్రం
ఆటోస్టాండు దొరసామివి పులులు, మూడు సోడా మూతలు.
చింతగింజలు ఒక గుండు కుర్రోడివి,
వేలూరోడో, ఆరణి వోడో.
ఒకరి మాట ఒకరికి సగమే తెలుసు,
దారి కట్టడం ఇద్దరికీ తెలుసు.
పూలమ్మే ఆమె మూర కొలవడం ఆపి
"ఆ మూల వదల్దురా!" అనింది,
ఎవరితో అనిందో ఇద్దరికీ అర్థం కాలేదు.
గెలిచినోడికి కాఫీ లేదు.
ఓడినోడికి పోయేదీ లేదు,
బస్సొకటి పోయింది, అంతే.

డివైడరు ఇప్పటికీ దూకుతానే ఉన్నారు.
అబద్ధమెందుకు.
వంతెన మీద కుక్క పడుకుంటాది,
నిషాదం వైరు నేనే కోయించినాను.

ఈరోజు ఆడిట్ కాగితం వచ్చింది.
"రాయి నం. 14 లోపభూయిష్టము.
తిరగేసి పరచకపోవుటకు కారణమేమి?
సొమ్ము ఎవరి నుండి రాబట్టవలెను?"

మూడుసార్లు కలం మూత తీసినాను.
సత్రం, సంగటి, ఆ కూలోడు,
ఏదీ ఆ గడిలో పట్టదు.
చివరికి ఒక్క ముక్క రాసి
సంతకం పెట్టినాను:

వాడుకలో యున్నది.